మ్యాగజైన్‌లో 20కి 20 నింపాలా, రెండు తగ్గించాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గార్డు డ్యూటీలో కొత్తగా చేరావు. మొన్న ఫైరింగ్‌లో నీ ఇన్సాస్ రైఫిల్ రెండుసార్లు ఆగిపోయింది, నేర్పే ఉస్తాద్ అందరి ముందూ తిట్టాడు. పక్కవాడేమో మ్యాగజైన్‌లో, అంటే రైఫిల్‌కి తగిలించే తూటాల డబ్బాలో, 20 రౌండ్లు (తూటాలు) నింపితే ఆగుతుంది, 18 చాలు అన్నాడు. అది నిజమేనా, మంచి మ్యాగజైన్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగావు. యూనిట్ పేరు రాయకుండా మంచి పని చేశావు, ఇకముందు కూడా ఎక్కడా రాయకు. వయసులో చిన్నవాడివని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నేను ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను. తర్వాత కొన్నేళ్లు విశాఖలోనే ఒక సంస్థలో ఆయుధాల గది చూసుకున్నాను. ఇప్పుడు గాజువాకలో మనవడిని స్కూలు బస్సు ఎక్కించడమే నా డ్యూటీ. రైఫిల్ పాడైందండీ అంటూ నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లని నేను అడిగే మొదటి మాట ఒకటే: ఏ మ్యాగజైన్‌తో ఆగింది? నూటికి తొంభై మంది తల గోక్కునేవారు. నువ్వు కూడా రాయలేదు. రెండుసార్లూ ఒకే మ్యాగజైనా, వేర్వేరా? అది తెలియకపోతే ఇక మిగతా వైద్యమంతా గుడ్డి వైద్యమే.

అందుకని ముందు మీ కోత్ (ఆయుధాల గది) ఇన్‌ఛార్జిని అడిగి, నీకిచ్చే మ్యాగజైన్ల అడుగున పెయింటుతో నంబర్లు వేయించు. 1, 2, 3 చాలు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకో. ఆగినప్పుడల్లా మ్యాగజైన్ నంబరు, ఎన్నో రౌండు దగ్గర ఆగింది, రౌండు ఎలా ఇరుక్కుంది, ఈ మూడూ రాయి. మూడు ఫైరింగ్‌లు అయ్యేసరికి దొంగ ఎవరో ఆ పుస్తకమే చెబుతుంది. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తే మ్యాగజైన్ తప్పు. అన్ని నంబర్లతోనూ ఆగుతుంటే అప్పుడు రైఫిల్‌ని అనుమానించు: గ్యాస్ సెట్టింగ్, తూటా కూర్చుని పేలే ఛాంబర్‌లో మసి, పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ లాంటివి. అవి మీ ఆర్మరర్ చూస్తాడు, నువ్వు చెయ్యి పెట్టకు.

ఎన్నో రౌండు అన్నది ఎందుకు రాయమన్నానంటే, రోగం అక్కడే తెలుస్తుంది. మొదటి రౌండే ఛాంబర్‌లోకి రాకపోతే మ్యాగజైన్ సరిగ్గా కూర్చోలేదు, లేదా మరీ బిగుతుగా నిండింది. చివరి రెండు మూడు రౌండ్ల దగ్గర ఆగితే స్ప్రింగ్ బలం తగ్గింది. కిందివాటిని పైకి నెట్టే ఓపిక దానికి లేదు, రౌండుని ఛాంబర్‌లోకి తోసే బ్రీచ్ బ్లాక్ ముందుకొచ్చే వేగాన్ని అది అందుకోలేదు. స్ప్రింగ్‌ని శుభ్రం చేశాక పొరపాటున తిరగేసి పెట్టినా ఇలాగే ఆగుతుంది. అలా తిరగేసినవి నా చేతికి చాలానే వచ్చాయి. ఒకేసారి రెండు రౌండ్లు బయటికి తోసుకొస్తే పైన రౌండుని పట్టుకునే లిప్స్ వెడల్పయ్యాయని అర్థం. మధ్యలో ఎక్కడో, ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే లోపల ఇసుకో తుప్పో ఉంది, లేదా మ్యాగజైన్ గోడ సొట్టపడి, స్ప్రింగ్ మీద రౌండ్లని మోసే ప్లాట్‌ఫారం అక్కడ పట్టేస్తోంది.

ఇక 18, 20 గొడవ. ఇది నీ పక్కవాడు కనిపెట్టింది కాదు. వియత్నాంలో అమెరికన్ సైనికులు తమ ఎమ్-16ల 20 రౌండ్ల మ్యాగజైన్లలో 18 మాత్రమే నింపుకునేవారు. తర్వాత 30 రౌండ్లవి వస్తే వాటిలో 28 నింపేవాళ్లూ ఉన్నారు. కారణం మంత్రం ఏమీ కాదు. రౌండ్లు నిండుగా ఉన్న మ్యాగజైన్‌ని, బ్రీచ్ బ్లాక్ ముందుకి మూసుకుని ఉన్నప్పుడు ఎక్కించాలంటే పైన ఉన్న రౌండు కొద్దిగా కిందికి దిగాలి. స్ప్రింగ్ అప్పటికే పూర్తిగా నొక్కుకుపోయి ఉంటే దిగడానికి చోటు ఉండదు. నువ్వు ఎక్కించాననుకుంటావు, క్యాచ్ పట్టుకోదు. కాకింగ్ హ్యాండిల్ లాగి వదిలితే ఖాళీ ఛాంబరే మూసుకుంటుంది, నాలుగడుగులు వేస్తే మ్యాగజైన్ ఊడి కాళ్ల మీద పడుతుంది.

కాబట్టి అంకె మీద పంతం వద్దు. 20 నింపి పై రౌండుని బొటనవేలితో నొక్కి చూడు. కొద్దిగానైనా కిందికి దిగి, వదలగానే చటుక్కున పైకి వస్తే ఆ మ్యాగజైన్‌కి 20 ఓకే. రాయిలా కదలకుండా ఉంటే ఒకటో రెండో తీసెయ్. ఏకే మ్యాగజైన్లలో 30కి 30 నింపి ఏ బాధా లేకుండా పేల్చిన వాళ్లని చాలామందిని చూశాను, ఆ ఇనప డబ్బా తీరే వేరు. అయితే మీ యూనిట్ ఆర్డర్‌లో ఇన్ని అని ఉంటే అన్నే నింపాలి. నీకు తోచినట్టు ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 20 పెడితే కోత్‌లో లెక్క తప్పుతుంది. తూటాల లెక్క తప్పితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, రాత్రంతా టార్చిలైట్లతో గడ్డి వెతకాలి.

నింపే పద్ధతి నీకు నేర్పే ఉంటారు, కానీ తొందరలో అందరూ చేసే తప్పు ఒకటుంది. రౌండుని పైనుంచి గట్టిగా కిందికి తొయ్యడంతోనే పని అయిపోయిందనుకుంటారు. కాదు. లిప్స్ ముందు వైపు నుంచి పెట్టి, కిందికి నొక్కుతూనే వెనక్కి జరపాలి, కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగు వెనక గోడకి ఆనాలి. ఒకటి ముందుకి జరిగి ఉండిపోతే దాని బుల్లెట్ ముక్కు ముందు గోడకి రాసుకుంటుంది, పైకి లేవాల్సిన సమయానికి వంకరగా లేస్తుంది. అందుకే నింపడం అయ్యాక మ్యాగజైన్ వెనక వైపుని అరచేతి మీద రెండుసార్లు తట్టు, అన్నీ వెనక్కి సర్దుకుంటాయి. లిప్స్ ఉన్న వైపు మాత్రం ఎప్పుడూ దేని మీదా కొట్టకు. కుర్రాళ్లు స్టైల్‌గా హెల్మెట్ మీద కొడుతుంటారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంకోటి, కొన్ని మ్యాగజైన్లలో బలవంతంగా 21వ రౌండు పడుతుంది. పట్టింది కదా అని పెట్టకు.

ఎన్‌సీసీ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మీ .22 తూటాకి అడుగున అంచు బయటికి ఉంటుంది. పై రౌండు అంచు, కింది రౌండు అంచుకి ముందు ఉండేట్టు నింపాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని కదలవు. ఇన్సాస్ తూటాకి ఈ గొడవ లేదు.

మంచి మ్యాగజైన్ ఎంచుకోవడం అన్నావు. మనం కొనుక్కునేది ఏముంది, కోత్ కిటికీలోంచి ఇచ్చింది పుచ్చుకోవడమే. కానీ తీసుకునేటప్పుడు ఒక్క నిమిషం చూసే హక్కు నీకుంది, వెనక లైనులో వాళ్లు విసుక్కున్నా సరే. ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్ లోపలిది కొద్దిగా కనపడేలా ఉంటుంది. దాన్ని వెలుతురుకి పట్టి చూడు. లిప్స్ మొదట్లోనూ వెనక మూలల్లోనూ సన్నటి గీత ఉన్నా, ప్లాస్టిక్ తెల్లబారినా అది పగలబోతోంది. 1999లో కార్గిల్ చలికి ఈ మ్యాగజైన్లు పగిలాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. మన దగ్గర ఆ చలి లేదు కానీ, సిమెంటు నేల మీద పదిసార్లు పడితే ఇక్కడా పగులుతుంది. తర్వాత ఖాళీ మ్యాగజైన్ ప్లాట్‌ఫారాన్ని వేలితో అడుగుదాకా నొక్కి మెల్లగా వదులు. ఎక్కడా ఆగకుండా, ఒక పక్కకి ఒరగకుండా పైకి రావాలి. ఆఖరున రైఫిల్‌కి ఎక్కించి, క్లిక్‌మన్నాక కిందికి ఒకసారి గట్టిగా లాగు. ఆ లాగడం జీవితాంతం అలవాటు చేసుకో. ఇదంతా ఖాళీ మ్యాగజైన్‌తోనే. ఇంకా ప్రాక్టీసు కావాలంటే డ్రిల్ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) అడుగు, బ్యారక్‌లో అసలు తూటాలతో ఆటలొద్దు.

లిప్స్ వంగాయి కదా అని కటింగ్ ప్లేయర్‌తో సరిచేసిన మహానుభావులు కూడా ఉన్నారు. అలాంటిది కోత్‌కి తిరిగిచ్చెయ్, ఎర్ర పెయింటు చుక్క పెట్టమను, అంతే.

ఇప్పుడు మన ఊరి సంగతి. నువ్వు లోపలి జిల్లా నుంచి వచ్చానన్నావు కాబట్టి చెబుతున్నాను. విశాఖ ఉప్పుగాలి కిటికీ ఊచలనే తినేస్తుంది, మ్యాగజైన్ స్ప్రింగ్ ఎంత? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఆ సంస్థలో ఉన్నాను. రేకులు లేచిపోయి ఆయుధాల గదిలోకి వాన కొట్టింది, రోజుల తరబడి కరెంటు లేదు. రైఫిళ్లన్నీ తుడిచి నూనె రాశాం. మ్యాగజైన్లు ట్రంకుపెట్టెలో ఉన్నాయి కదా అని వదిలేశాం. నాది కూడా ఆ తప్పు. వారం తర్వాత తెరిస్తే ఇనప మ్యాగజైన్ల స్ప్రింగులు గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. ప్లాస్టిక్ వాటి బయటంతా బాగుంది, లోపల స్ప్రింగ్ మాత్రం అదే కథ. ప్లాస్టిక్‌కి తుప్పు పట్టదు కదా అని నిర్లక్ష్యం చేస్తే ఇలాగే ఉంటుంది.

దానికి విరుగుడు నూనె డబ్బా బోర్లించడం కాదు. మ్యాగజైన్ లోపల నూనె ఉంటే దుమ్ము పట్టి ముద్దవుతుంది, తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్‌లోకి దిగితే అది పేలకపోవచ్చు కూడా. నెలకోసారి, వర్షాకాలంలో రెండుసార్లు, విప్పి పొడిగుడ్డతో తుడిచి, నూనె తగిలిన చింది (గుడ్డ పీలిక) ఒకసారి స్ప్రింగ్ మీద రాసి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచెయ్. వేలితో ముట్టుకుంటే జిడ్డు తగలకూడదు.

తూటాలకి కూడా ఇక్కడ పచ్చ చిలుము పడుతుంది. ఒక కుర్రాడు, పాపం చాలా శ్రద్ధ ఉన్నవాడే, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు తన తూటాలన్నీ చింతపండుతో తోమి తళతళలాడుతుంటే తెచ్చి చూపించాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పులుపు ఇత్తడిని తింటుంది, తడి ప్రైమర్ దాకా పోతుంది. ఆ తూటాలన్నీ పక్కన పెట్టించి రిపోర్టు రాయాల్సి వచ్చింది. చిలుము కనిపిస్తే పొడిగుడ్డతో తుడువు. పోకపోయినా, కేసు మీద గుంట ఉన్నా దాన్ని నింపకు, తిరిగిచ్చెయ్.

డ్యూటీ గార్డులకి ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. షిఫ్టు మారినప్పుడల్లా అవే తూటాలు తీసి నింపుతారు. మీ దగ్గర ఛాంబర్‌లోకి ఎక్కించి తీసే పద్ధతి ఉంటే, రోజూ ఆ పై రౌండే దెబ్బలు తింటుంది. కొన్నాళ్లకి బుల్లెట్ కేసులోపలికి కొద్దిగా దిగిపోతుంది. అలా దిగినది పేలిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది ప్రమాదం. పై రౌండుని పక్కదాంతో పోల్చి చూస్తుండు. ఎత్తు తేడా ఉంటే కోత్‌లో అప్పగించు. లేకపోయినా పై వాటిని అడుగుకి, అడుగువాటిని పైకి మారుస్తుండు.

చివరగా, నువ్వు అడగలేదు కానీ ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు: నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని. నేను కూడా సర్వీసు మొదట్లో నమ్మాను, సెలవుకి వెళ్లే ముందు కూడా ఖాళీ చేసేవాణ్ణి. మంచి ఉక్కు స్ప్రింగ్‌ని దాని హద్దులో నొక్కి ఉంచితే పెద్దగా అరగదు, నొక్కడం వదలడం వేలసార్లు జరిగితేనే అలిసిపోతుంది. ప్లాస్టిక్ మ్యాగజైన్ల విషయంలో భయం స్ప్రింగ్ గురించి కాదు, లిప్స్ గురించి. నెలల తరబడి నిండుగా ఉంటే లిప్స్ కొంచెం కొంచెంగా విచ్చుకోవచ్చు. అందుకే వాటిని మార్చి మార్చి వాడమనేవాణ్ణి.

వచ్చే ఫైరింగ్‌కి నంబర్లు వేయించుకుని వెళ్లు. ఆగితే టెన్షన్ పడకుండా నేర్పిన ఫౌరీ ఇలాజ్ (రైఫిల్ ఆగిన వెంటనే చేసే చికిత్స) చెయ్, తర్వాత పుస్తకంలో రాసుకో. ఏ నంబరు, ఎన్నో రౌండు అన్నది ఇక్కడే కింద రాస్తే చూసి చెబుతాను. పొద్దున్న తొమ్మిది దాటాక అయితే ఖాళీగానే ఉంటాను, బస్సు వెళ్లిపోతుంది.