మధ్యాహ్నం సోలార్ ఆపమంటారు, సాయంత్రం కరెంటు లేదంటారు, ఎందుకు?

ఎండ దంచుతుంటే సోలార్ తగ్గించమని, పొద్దుగూకాక పవర్ ఎక్స్ఛేంజ్‌లో (కరెంటు కొని అమ్మే మార్కెట్) యూనిట్ 10 రూపాయల దాకా పెట్టి కొనడమేంటని అడిగారు కదా, నేను అనంతపురం వైపు ఒక సోలార్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశా, అక్కడ చూసింది చెప్తా.

గ్రిడ్ నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది, ఇన్ని మెగావాట్లకి బ్యాక్‌డౌన్ చెయ్యండని, అంటే ఉత్పత్తి తగ్గించమని. ఎందుకూ అంటే గ్రిడ్ సెక్యూరిటీ అని ఒక్క ముక్క. స్కాడాలో (ప్లాంట్‌ని నడిపే కంప్యూటర్ సిస్టమ్) సెట్ పాయింట్, అంటే ఎంత కరెంటు ఇవ్వాలనే అంకె, మార్చి ఎంటర్ కొడితే కాసేపట్లో ఇన్వర్టర్లు దిగిపోతాయి, బయట ఎండ మాత్రం అంతే ఉంటుంది, ప్యానెల్ ఇంకాస్త వేడెక్కుతుంది అంతే. ఆరోజు గ్రాఫ్ చూస్తే గోపురంలా ఉండాల్సింది నెత్తి నరికేసినట్టు చదునుగా ఉంటుంది. రూల్ ప్రకారం సోలార్ మస్ట్ రన్, గ్రిడ్ భద్రతకి తప్ప ఆపకూడదు, ఆ మినహాయింపులో ఏదైనా పట్టేస్తుంది లెండి.

మాకు ఇది ఎండాకాలం కంటే జూన్ నుంచి సెప్టెంబర్ లోపే ఎక్కువ. అప్పుడు గాలిమరలు కూడా ఫుల్లుగా తిరుగుతాయి, వాటి కరెంటూ మాదీ అవే లైన్లెక్కాలి, పైగా వాన పడిందంటే బోరు మోటార్లు ఆగిపోయి లోడ్ (కరెంటు వాడకం) పడిపోతుంది (ఏపీలో రైతులకి 9 గంటల కరెంటు పగలు ఇవ్వడం సోలార్‌కి పెద్ద ఆసరా). మరి థర్మల్ తగ్గించొచ్చుగా అంటారు, బొగ్గు యూనిట్‌ని 55 శాతం కిందకి దించడం కష్టం, మొత్తం ఆపేస్తే సాయంత్రానికి మళ్ళీ అందుకోదు, చీకటి పడ్డాక మాది సున్నా కాబట్టి అది ఉండాల్సిందే.

రాజస్థాన్ కథ వేరు. అక్కడ ప్లాంట్లు రెడీ, లైన్లు లేవు. ప్లాంట్ ఏడాదిన్నరలో లేస్తుంది, పెద్ద లైన్‌కి సర్వే, అనుమతులు, టవర్ పడే పొలం రైతుతో పరిహారం పేచీ, ఏళ్ళు పట్టేస్తుంది. మాది లోడ్ లేక, వాళ్ళది దారి లేక, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దారి లేనప్పుడు బ్యాటరీ ఎక్కడో సిటీలో పెడితే లాభం లేదు, ప్లాంట్ పక్కనే ఉండాలి. మా వైపైతే పిన్నాపురంలాంటి పంప్డ్ స్టోరేజ్, 1680 మెగావాట్లది, పగలు నీళ్ళు పైకి తోడి రాత్రి కిందకి వదిలి కరెంటు తీసేది, అలాంటివి ఇంకా కావాలి.

ఇంటిమీద పెట్టుకునేవాళ్ళకి ఈ ఫోన్ల గొడవ లేదు గానీ, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పటికే ఎన్ని ఇళ్ళకి సోలార్ ఉందో లైన్‌మన్‌ని అడగండి, మరీ ఎక్కువైతే మధ్యాహ్నం వోల్టేజ్ పెరిగి ఇన్వర్టర్ ట్రిప్ అయిపోతుంటుంది.