మనసు బాగోలేనప్పుడు రోజూ డార్క్ చాక్లెట్ తింటే పనిచేస్తుందా? నా అనుభవం

మీరు రెండు విషయాలు అడిగారు. రెండు నెలలుగా దిగులుగా, నీరసంగా ఉంటోంది, 85 శాతం డార్క్ చాక్లెట్ రోజూ సగం బార్ తింటే మనసు తేలికపడుతుందా అని ఒకటి. బీపీ ఉన్న అమ్మగారికి కూడా అదే పెట్టొచ్చా అని రెండోది. ఏడాదిన్నర క్రితం నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఉండేది చెన్నైలో, పెరుంగుడిలో. ఆ రోజుల్లో ఆఫీసు నుంచి వచ్చాక ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు. అమ్మ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. పని ఒత్తిడిలే అనుకున్నాను. చాక్లెట్‌తో మూడ్ బాగుపడుతుందని ఎక్కడో చదివి, రాత్రి భోజనం అయ్యాక బాల్కనీలో కూర్చుని నాలుగైదు ముక్కలు తినడం అలవాటు చేసుకున్నాను.

తింటున్నంతసేపూ హాయిగానే ఉండేది, అబద్ధం చెప్పను. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కన్నా కాస్త తక్కువలోనే కరుగుతుంది. అందుకే నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. కానీ ఆ హాయి ఎంతసేపు? 2007లో జర్మనీ పరిశోధకులు కొందరికి బాధపెట్టే సినిమా దృశ్యాలు చూపించి, తర్వాత చాక్లెట్ ఇచ్చి చూశారు. మనసు కుదుటపడింది గానీ, మూడు నిమిషాలకే ఆ ప్రభావం పోయింది. అంతకుముందు 1994లో అమెరికాలో ఇంకో పరీక్ష చేశారు. చాక్లెట్ కోసం మనసు లాగేవాళ్లకి కోకో పొడి నింపిన క్యాప్సూల్స్ ఇస్తే ఆ కోరిక తీరనే లేదు. కోకో పొడి బొత్తిగా లేని వైట్ చాక్లెట్ ఇస్తే కొంతవరకు తీరింది. అంటే ఆ సుఖంలో ఎక్కువ భాగం రుచిది, వాసనది, నోట్లో కరిగే తీరుది. ప్రేమలో పడ్డప్పుడు పుట్టే రసాయనం చాక్లెట్‌లో ఉందని రాస్తుంటారు కదా, ఆ ఫినైల్ఇథైలమైన్ తిన్నాక దాదాపు అంతా మెదడు దాకా చేరకముందే విరిగిపోతుంది.

మీరు చదివింది బహుశా 2019లో లండన్ నుంచి వచ్చిన అధ్యయనం అయ్యుంటుంది. అమెరికాలో 13,626 మంది వివరాలు చూసి, డార్క్ చాక్లెట్ తిన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు తక్కువ అన్నారు. ఆ జనంలో డార్క్ చాక్లెట్ తిన్నవాళ్లు చాలా కొద్దిమంది. పైగా తిన్నందువల్ల దిగులు తగ్గిందో, దిగులుగా ఉన్నవాళ్లకి తినాలనే కోరికే చచ్చిందో ఆ లెక్కలో తేలదు.

నా విషయంలో రాత్రిపూట తినడమే పెద్ద పొరపాటు. 70 శాతం పైబడిన చాక్లెట్ 100 గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్, దానికి పదింతలు థియోబ్రోమిన్ (కెఫీన్‌కి చుట్టం లాంటిదే) ఉంటాయి. సాయంత్రం ఫిల్టర్ కాఫీ మానేసి గొప్ప పని చేశాననుకున్న నేను, రాత్రి తొమ్మిదింటికి ఇదంతా తింటున్నాను. ఒంటిగంట దాకా కళ్లు మూతపడేవి కావు. పడుకుంటే గొంతులోకి పులుపు తన్నుకొచ్చేది. నిద్ర లేకపోతే దిగులు పెరుగుతుందని వేరే చెప్పాలా?

చివరికి ఆయాసం భరించలేక రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 8.4, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ అడుగంటింది. దిగులుకీ, నీరసానికీ అదొక పెద్ద కారణం. బాధపెట్టే సంగతి ఏమిటంటే, 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో 12 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుందని చదివి, బలానికే తింటున్నానని ధైర్యంగా ఉన్నాను. కోకోకి వగరునిచ్చే పాలిఫినాల్స్ అనే పదార్థాలు ఆ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐరన్ మాత్రకు గంట అటూ ఇటూ టీ, కాఫీ, చాక్లెట్ ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలో ఒక ఆదివారం పొద్దున అమ్మకి నేనే ఫోన్ చేశాను. ముప్పావుగంట మాట్లాడుకున్నాం.

ఇక అమ్మగారి బీపీ సంగతి. మాది ఏలూరు జిల్లా పెదవేగి వైపు, కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. పండిన కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, చప్పరిస్తే తియ్యపులుపు. చిన్నప్పుడు గుజ్జు అయిపోయాక గింజ కొరికేవాళ్లం. లోపల ఊదా రంగు, నాలుక పట్టేసేంత వగరు. బీపీకి మేలు చేస్తాయనే ఫ్లేవనాల్స్ (పాలిఫినాల్స్‌లో ఒక రకం) ఆ వగరులోనే ఉంటాయి. ఆ గింజల్ని పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, ఫ్యాక్టరీలో వేయించేసరికి వగరు చాలావరకు పోతుంది. చాక్లెట్ రుచి వచ్చేది కూడా అలాగే. క్షారంతో శుద్ధి చేస్తే ఇంకా పోతుంది. రేపర్ మీద 85 శాతం అని ఉందంటే అందులో కోకో వెన్న కూడా కలిసే ఉంటుంది, ఫ్లేవనాల్స్ ఎన్ని మిగిలాయో ఆ అంకె చెప్పదు.

ఫ్లేవనాల్స్ బాగా ఉన్న కోకోతో చేసిన 35 పరీక్షల్ని కలిపి 2017లో చూస్తే బీపీ సగటున 2 పాయింట్లు కూడా తగ్గలేదు. 2022లో వచ్చిన కాస్మోస్ అనే పెద్ద పరీక్షలో 21 వేల పైచిలుకు మందిలో సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఇచ్చారు, అదీ క్యాప్సూల్స్‌గా. గుండె జబ్బు మరణాలు తగ్గినట్టు కనిపించింది గానీ, అసలు తేల్చాలనుకున్న మొత్తం గుండెపోటు, పక్షవాతం వగైరాల్లో స్పష్టమైన తేడా రాలేదు. కాబట్టి అమ్మగారికి ముచ్చటగా ఒక ముక్క పెట్టండి, బీపీ మాత్ర మాత్రం దయచేసి మాన్పించకండి.

రోజూ సగం బార్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. 2022 డిసెంబరులో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ 28 డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నిట్లోనూ సీసం, క్యాడ్మియం కనిపించాయి. 23 బార్లలో ఒక ఔన్సు తిన్నా, అంటే 28 గ్రాములకే, ఏదో ఒకటి వాళ్లు పెట్టుకున్న హద్దు దాటింది. క్యాడ్మియం నేలలోంచి చెట్టుకి ఎక్కుతుంది. సీసం ఎక్కువగా గింజలు ఆరబెట్టేచోట దుమ్ముతో అంటుకుంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నేను ఇప్పటికీ తింటాను, మధ్యాహ్నం రెండు ముక్కలు, అంతే. మీరు మాత్రం ముందు సీబీసీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ అందులోనే తెలుస్తుంది), ఫెరిటిన్, థైరాయిడ్, బి12 చేయించుకోండి. రెండు నెలల దిగులంటే చిన్న విషయం కాదు, పరీక్షలన్నీ బాగానే వచ్చినా డాక్టరుతో మాట్లాడండి. ఈలోపు రాత్రిళ్లు మరీ భారంగా అనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయండి, ఏ వేళయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్ ఎంతుందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.