దారిలో ఒక రాత్రి, మిస్సమ్మగారింట్లో

సందేహం: మాది ప్రొద్దుటూరు. ఆగస్టులో ఎం.ఎస్. చదువు కోసం బెంగళూరు నుంచి లండన్ మీదుగా అమెరికా వెళ్తున్నాను. లండన్‌లో 20 గంటలు ఆగాలి. మా తాత జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవారు. అప్పట్లో అక్కడ పనిచేసిన దంపతులు ఇప్పుడు ఇంగ్లండులో ఉంటున్నారు. ఇంటికి రమ్మని పిలుస్తున్నారు. నాకేమో మొహమాటం. వెళ్ళొచ్చా, ఎయిర్‌పోర్టులోనే ఉండిపోవాలా?

జవాబు: వెళ్ళు నాయనా. తప్పకుండా వెళ్ళు.

ముందు వీసా సంగతి చూసుకో. నీ పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉండి, లండన్‌లో దిగిన మర్నాటి అర్ధరాత్రిలోపు ఎక్కాల్సిన విమానానికి టికెట్ ఖాయమై ఉంటే, బ్రిటన్ వీసా లేకుండానే బయటికి వెళ్ళే వీలుంది. కానీ అది హక్కు కాదు, చివరి మాట ఇమిగ్రేషన్ అధికారిదే. కాబట్టి వాళ్ళ చిరునామా, ఫోన్ నంబరు, రమ్మని రాసిన ఉత్తరం, తర్వాతి టికెట్ కాగితం మీద చేతిలో పెట్టుకో. నిబంధనలు మారుతుంటాయి. ప్రయాణానికి వారం ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ ఇంకోసారి చూసి, ఎయిర్‌లైన్ వాళ్ళనూ అడుగు. అదే ఫ్రాంక్‌ఫర్ట్ అయివుంటే వద్దనేదాన్ని. అక్కడ బయటికి రావాలంటే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఉండాల్సిందే, అమెరికా వీసా సరిపోదు.

ఒకే టికెట్ అయితే పెద్ద సూట్‌కేసులు సాధారణంగా నేరుగా అమెరికాకే వెళ్ళిపోతాయి. బెంగళూరు కౌంటర్‌లో అడిగి తెలుసుకో. ఒక జత బట్టలు, స్వెటర్, మందులు, ఐ-20 (మీ అమెరికా యూనివర్సిటీ పంపిన పత్రం) మాత్రం చేతి సంచీలోనే ఉండాలి.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, నువ్వు చేయకు. మొదటిసారి అమెరికా వచ్చేటప్పుడు నేనూ ఇలాగే లండన్‌లో ఆగాను. జమ్మలమడుగులో మా అమ్మకు పురుడు పోసిన నర్సమ్మ, మేమంతా మిస్సమ్మ అనేవాళ్ళం, రిటైరై రెడింగ్ అనే ఊళ్ళో ఉండేది. లండన్ హీత్రో ఎయిర్‌పోర్టు నుంచి బస్సులో దాదాపు గంట. విమానం దిగే టైమునే నేను చేరే టైముగా ఉత్తరంలో రాసేశాను. ఇమిగ్రేషన్ క్యూలోనే రెండు గంటలు పోయాయి. సెల్‌ఫోన్లు లేని రోజులు. బస్సు దిగేసరికి ఆ పెద్దావిడ వానలో శాలువా కప్పుకొని నిలబడి ఉంది. "ఆలస్యమైపాయె కదమ్మా, ఏమన్నా తింటివా?" అంది. అచ్చం మా ఊరి మాట. అక్కడే ఏడ్చేశాను.

అందుకే దిగే టైముకు మూడు గంటలు కలిపి చెప్పు. తిరుగు ప్రయాణంలో విమానం టైముకు మూడు గంటల ముందే హీత్రోలో ఉండేలా బయలుదేరు. వాళ్ళు "ఇంకాసేపు ఉండు" అంటారు. ఉండొద్దు.

ఆ రాత్రి మిస్సమ్మ చింతపండు దొరక్క నిమ్మకాయ పిండి చారు పెట్టింది. అన్నం కాస్త పలుకుగా ఉంది. అయినా అంత ఇష్టంగా నేనెప్పుడూ తినలేదు. తినేముందు కళ్ళు మూసుకొని తెలుగులో ప్రార్థన చేసింది, అందులో మా అమ్మ పేరు కూడా చెప్పింది. మీ ఇంటి మతం ఏదైనా ఆ నిమిషం తల వంచుకొని కూర్చో, చాలు. వాళ్ళు నిన్ను మార్చడానికి పిలవలేదు. 1822లో లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు కడపకు వచ్చినప్పటి నుంచి మన సీమలో జీవితాలు గడిపి వెళ్ళినవాళ్ళు ఎందరో. వాళ్ళకు మన తెలుగు వినడమే పండగ. అలసటగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా "నిద్ర వస్తోంది" అని చెప్పు, ఏమీ అనుకోరు.

చేతికి ఏం తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తుంటావు. మైదుకూరు పాలకోవా మాత్రం వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తీసుకురానివ్వరు. నిప్పట్లు, చెనక్కాయల పొడి చాలు, అవీ కొద్దిగానే.

బయలుదేరేముందు ఒకసారి జమ్మలమడుగు వెళ్ళిరా. ప్రొద్దుటూరు నుంచి ఎంత దూరం గనక! ఆసుపత్రి ఆవరణ ఫోన్‌లో వీడియో తీసుకో, మీ తాత పాత ఫోటో ఉంటే అదీ పట్టుకెళ్ళు. మిస్సమ్మ నన్ను పొద్దున కాఫీ దగ్గర అడిగింది, ప్రసవాల వార్డు ముందున్న వేపచెట్టు ఇంకా ఉందా అని. నేను చూసి రాలేదు.