సంక్రాంతికి వచ్చే విదేశీ అతిథికి మొదటి భోజనం ఏం పెట్టించాలి?

ప్రశ్న: అక్కా, మాది కావలి. మావాడు లండన్‌లో జాబ్ చేస్తాడు, ఈ సంక్రాంతికి వాడితోపాటు ఆఫీసు ఫ్రెండ్ ఒకబ్బాయి వస్తన్నాడు, పోలండ్ అంట. మన తిండి ఇంతవరకు నోట్లో పెట్టలేదంట. చికెన్ టిక్కా మసాలా మీ ఇంట్లో చేస్తారా అని ఫోన్లో అడిగాడు. మావారేమో నెల్లూరు తీసకపోయి మంచి హోటల్లో మొదటి భోజనం పెట్టిద్దాం అంటన్నారు. కారం తట్టుకోలేకపోతే ఎట్టా అని నా భయం. ఏం ఆర్డర్ చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ టిక్కా మసాలా సంగతి చెప్తా చెల్లీ. అది మన ఇళ్లల్లో వండుకునే కూర కాదు, బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంట్ల వల్ల అంత పేరొచ్చింది దానికి, 2001లో అక్కడి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ అయితే ఇది నిజంగా బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు. ఆ రెస్టారెంట్లు చాలావరకు పెట్టింది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వెళ్లినవాళ్లు. అందుకని ఆ అబ్బాయి మనసులో ఉన్న ఇండియన్ ఫుడ్ వేరు, నెల్లూరు ఆకులో వడ్డించేది వేరు. ఈ ముక్క మీవాడితో ముందే చెప్పించండి, లేకపోతే వచ్చాక మెనూలో దానికోసమే వెతుక్కుంటాడు పాపం.

నా మాటైతే నాన్, పనీర్ జోలికి పోకుండా భోజనం హోటల్‌కే తీసకపోండి. టిఫినుకు మాత్రం మొదటిరోజు కారందోశ వద్దు. రెండేళ్లనాడు మా ఇంటికి జర్మనీ నుంచి ఒకమ్మాయి వస్తే మేం చేసిన తప్పే అది, మన స్పెషల్ గదా అని ప్రేమగా పెట్టించాం, రెండు ముక్కలకే కళ్లెమ్మట నీళ్లు, మేమేమో గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగించాం, మంట ఇంకా ఎక్కువైంది. మిరపకాయలో మంట పుట్టించేది నీళ్లల్లో కరగదు, నోరంతా పాకుతుంది అంతే. గడ్డపెరుగు రెండు స్పూన్లు పెట్టుంటే సరిపోయేది. ఆ పిల్ల ముఖం తల్చుకుంటే నాకిప్పటికీ బాధే.

ఇంకోటి, కారం కన్నా పెద్ద ఇబ్బంది కలుపుకోవడం తెలియకపోవడం. మనకి చిన్నప్పట్నించీ అలవాటు కాబట్టి పట్టదు గానీ, కొత్తవాళ్లు పచ్చడి గిన్నె చూసి సూప్ అనుకుని స్పూనుతో నోట్లో వేసుకుంటారు, సాంబారు, రసం, పప్పు అన్నీ ఒకే అన్నంలో పోసేసుకుంటారు. మీవారు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోమనండి. మొదట నాలుగు ముద్దల అన్నంలో పప్పు, దాని మీద బాగా నెయ్యి, పక్కన అప్పడం. అది నచ్చితే కందిపొడి, చిటికెడే. రసం తర్వాత, ఆఖర్న పెరుగన్నం. చేత్తో తింటానంటే చూపించండి, స్పూను అడిగితే స్పూనే ఇప్పించండి, బలవంతం వద్దు. కూరలు అన్నీ రుచి చూడాలని కూడా ఏంలేదు, వద్దన్నా వడ్డిస్తా ఉంటే బిడ్డ బెదిరిపోతాడు.

మర్చిపోకుండా అడగాల్సింది అలర్జీ. హోటల్ గ్రేవీల్లో జీడిపప్పు రుబ్బి పోస్తారు, పచ్చళ్లల్లో, పొడుల్లో వేరుశనగ, నువ్వులు ఉంటాయి, పైకి కనపడవు. బయల్దేరకముందే మీవాడిచేత అడిగించండి, ఏదన్నా పడదంటే సర్వర్‌కి కాదు, నేరుగా వంటమనిషికి చెప్పండి.

చేపల పులుసు మాత్రం హోటల్లో వద్దు, మీ చేత్తోనే పెట్టండి. కొర్రమీను తీసుకోండి, దాంట్లో సన్న ముళ్లు తక్కువ, శీలావతి, బొచ్చె అయితే ముళ్లు ఏరుకోవడం మనకే కష్టం. కారం సగం తగ్గించి, పుల్లమామిడి దొరికితే రెండు ముక్కలేసి ముందురోజు రాత్రే కాచి పెట్టండి, తెల్లారేసరికి ముక్కకి పులుసు పడుతుంది. వేడన్నంలో కొంచెం పోసి, పక్కనే పెరుగు గిన్నె పెట్టి పిలవండి ఆ అబ్బాయిని.