ఎర్రమట్టి దిబ్బలకు కారులో

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి కారులో ఒక్క రోజులో భీమిలి ఎర్రమట్టి దిబ్బలు, తీరం కొండలు చూసి రావాలండీ. ఏ దారి మేలు?

జవాబు: తెల్లారకముందే బయల్దేరండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద తగరపువలస దాకా వచ్చి, ఎడమకు భీమిలి వైపు తిరగండి. అక్కణ్ణుంచి విశాఖ వైపు బీచ్ రోడ్డులో వెళ్తే సముద్రం మీ ఎడమ చేతినే ఉంటుంది. ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. తిరుగు ప్రయాణం హైవే మీదే.

దిబ్బలు భీమిలి దాటిన కాసేపటికే వస్తాయి. అవి రాతి కొండలు కావు, ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబడ్డ ఇసుక. వాన నీరు అడుగు కోసేస్తే పైఅంచు చూరులా మిగిలి, మనిషి బరువుకే విరిగిపడుతుంది. అంచుకు కనీసం 2 మీటర్లు ఇవతలే ఆగండి. వాన పడిన మర్నాడు వాగుల్లోకి దిగొద్దు. కారును ఇసుకలోకి దింపారా, చక్రాలు కూరుకుపోతాయి.

తర్వాత తొట్లకొండ: బౌద్ధారామ శిథిలాలు, కింద సముద్రం. నీడ తక్కువ, మనిషికి 2 లీటర్ల నీళ్లు ఉంచుకోండి.