ఫార్మాట్ నొక్కే ముందు

ఒరేయ్ చిన్నోడా,

తాతయ్య వీడియోలున్న హార్డ్ డిస్కు కొత్త ఫైళ్లు తీసుకోవట్లేదని, ఆదివారం నువ్వే బాగుచేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. షాపులో పడేయకుండా నువ్వే చూస్తానన్నందుకు మురిసిపోయాను. అంతలోనే "ఫార్మాట్ కొట్టేస్తాడంట వదినా" అంది. ఫార్మాటంటే డిస్కుని మళ్లీ కొత్తదానిలా ఖాళీ చేసెయ్యడమేగా! ఇక నాకు అన్నం సయిస్తే ఒట్టు.

ఖాళీ ఉందో లేదో చూసే ఉంటావు. కేబుల్ కూడా మార్చి చూడు.

నువ్వు కొన్నది మాక్‌బుక్ కదరా? ఆ డిస్కు మావయ్య విండోస్‌లో వాడింది. దాని ఫార్మాట్, అంటే ఫైళ్లు సర్దే పద్ధతి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయ్యుంటుంది. మాక్ దాన్ని చదువుతుంది కానీ దానిమీద రాయదు. అదే అయితే డిస్కుకి ఏ రోగమూ లేనట్టే. మీ నాన్న పాత విండోస్ లాప్‌టాప్‌కి పెట్టి చిన్న ఫైలొకటి ఎక్కించి చూడు. చిన్నవి ఎక్కి, పెద్ద వీడియో దగ్గరే మొండికేస్తే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్. ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.

ఇంత కంగారు ఎందుకంటావా? 1996 నవంబరు తుఫానుకి మా పెంకులు లేచిపోయి ఆల్బమ్‌లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఫొటోలు విడదీస్తుంటే మొహాలు ఊడి పక్క ఫొటోకి అంటుకునొచ్చాయి. మిగిలింది ఒక్క వీడియో క్యాసెట్టు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి భుజాలమీద మోసే గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక నదిలో దిగి దాటుతుంటే, మొలలోతు నీళ్లలో భుజం పెట్టి అరుస్తున్న మీ తాతయ్య! క్యాసెట్టుకి బూజు పడుతోందని మావయ్య దాన్ని అప్పట్లో ఇంకో డిస్కులోకి ఎక్కించాడు. కొన్నాళ్లకి డిస్కు తెరుచుకోకపోతే టౌన్లో ఒక షాపుకిచ్చాం. ఫార్మాట్ చెయ్యాలని తెరమీద వస్తే, అక్కడి కుర్రాడు మమ్మల్ని అడక్కుండా సరేనని నొక్కేశాడు. అక్కడితో ఆగినా బతికేవాళ్లం. క్విక్ ఫార్మాట్ పోగొట్టేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికనే, లోపలి సరుకు చాలావరకు అలాగే ఉంటుంది, వెనక్కి తీయొచ్చు. ఆ మహానుభావుడు పనిచేస్తోందా లేదా అని డిస్కు నిండా సినిమాలు ఎక్కించాడు! తాతయ్య మీద కొత్త సినిమాలు పడ్డాయి. ఇంకెవడు తీస్తాడు? క్యాసెట్టు చూద్దుమా, అప్పటికే బూజుకి టేపు అతుక్కుపోయింది. ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటాను, పాపం వాడికీ పెళ్లీడు పిల్లలుంటారు.

నీ దగ్గరున్న డిస్కులో తాతయ్య ముసలితనం ఉంది, నిన్ను ఎత్తుకుని "ఏరా బుడ్డోడా" అనడం ఉంది. కాబట్టి విండోస్‌లో కూడా ఫైలు ఎక్కకపోతే ముందు మొత్తం వేరే డిస్కులోకి తీసుకో, ఆ తర్వాతే డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండు, చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (chkdsk /f) కొట్టు. లోపల టిక్కు టిక్కుమంటే ఏదీ కొట్టకు, వెంటనే పీకెయ్.

రెండు చోట్ల కాపీలు పడి, నాలుగు వీడియోలు తెరిచి చూశాక ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి ఫార్మాట్ చేసుకో, అప్పుడు నేనేమీ అనను. మాక్‌కీ విండోస్‌కీ రెంటికీ పనికొస్తుంది. కానీ ఎజెక్ట్ చెయ్యకుండా లాగితే త్వరగా పాడయ్యేదీ అదే. నీ చేతివాటం నాకు తెలుసు, చిన్నప్పుడు టీవీ ప్లగ్గు కూడా వైరు పట్టుకునే లాగేవాడివి.

కొత్త డిస్కుకి డబ్బులు ఫోన్‌పే చేశాను. మీ అమ్మకి చెప్పకు, నన్ను తిడుతుంది.

మీ అత్త