స్టెమ్ సెల్స్‌ను చంపే క్యాప్సూల్, మా పిన్ని మరిది

ప్రశ్న: మా అమ్మకి స్టేజ్ 3 పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్, కీమో అయిపోయాయి, స్కాన్ క్లీన్‌గా ఉంది. క్యాన్సర్ స్టెమ్ సెల్స్ మిగిలిపోతే మళ్ళీ వస్తుందని ఒకరు చెప్పారు. వాటిని చంపే మందు ఏదైనా ఉందా?

మీకు ఆ మాట చెప్పినవాళ్ళు దాని వెనకే ఏదో ఒక డబ్బా కూడా చూపించే ఉంటారు. కొనకండి. పెద్దపేగు క్యాన్సర్‌లో స్టెమ్ సెల్స్‌ని, అంటే గడ్డని మళ్ళీ మళ్ళీ పుట్టించే మూల కణాల్ని, మాత్రమే ఏరి చంపేదంటూ ఆమోదం పొందిన మందు ఇవాళ్టికి లేదు. రేపు వచ్చినా అదొక్కటే ఇస్తే పని జరగదు, కావాలంటే రాసి పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే మా ఇంటి గొడవ కాస్త వినాలి.

మా నాన్నది కూడా స్టేజ్ 3 యే. అంతకుముందు రక్తం పడుతోందని వెళ్తే మొలలని తేల్చేసి ఆయింట్‌మెంటూ ఇసబ్గోలూ రాసిచ్చిన డాక్టరు గురించి మొదలుపెడితే ఈ జవాబు అక్కడే అయిపోతుంది. యాభై దాటిన మనిషికి మలంలో రక్తం పడుతుంటే, కాలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించకుండా మొలలని ఎలా అంటారండీ? సరే, వదిలేద్దాం.

కీమో నడుస్తున్నది నడివేసవిలో. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్ళకి చల్లనిది తగిలితే చాలు, వేళ్ళు జివ్వుమంటాయి, గొంతు పట్టేస్తుంది. తెనాలి ఎండల్లో కూడా మా నాన్న గోరువెచ్చటి నీళ్ళే తాగేవాడు. స్టీలు గ్లాసుకి తువ్వాలు చుట్టి పట్టుకునేవాడు. చొక్కా గుండీలు అమ్మ పెట్టేది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మా పిన్ని మరిది దిగాడు. అన్నయ్యే పిలిపించాడని తర్వాత తెలిసింది. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో పసుపురంగు క్యాప్సూల్ డబ్బాల సంచి.

"అన్నయ్యగారూ, కీమో అంటే కలుపుని పైపైన కోసెయ్యడం. వేరు లోపలే ఉండిపోతుంది. ఆ వేరే స్టెమ్ సెల్. మాది డైరెక్టుగా వేరు మీదే పనిచేస్తుంది" అన్నాడు. నెలకి 18 వేలు. మా నాన్న జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. కలుపు, వేరు అనేసరికి గ్లాసు పక్కన పెట్టి ముందుకి జరిగాడు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. "బాబాయ్, అది స్టెమ్ సెల్ అని దేన్ని బట్టి గుర్తుపడతారు?" అని అడిగాను. స్లైడ్ మార్చి "సీడీ133" అన్నాడు. ట్రైనింగ్ బాగానే ఇచ్చారు మరి.

సీడీ133 అంటే కణం పైన ఉండే ఒక ప్రోటీన్, దాన్ని గుర్తుగా వాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌లో దాని సంగతి బయటికొచ్చింది 2007లో. టొరంటోలో జాన్ డిక్ ల్యాబ్ నుంచి కేథరిన్ ఓబ్రయన్, రోమ్ నుంచి ఇంకో జట్టు, ఇద్దరూ నేచర్ పత్రికలో ఒకేసారి రాశారు. రోగుల గడ్డలోంచి తీసిన కణాల్ని, రోగనిరోధక శక్తి సరిగ్గా లేని ఎలుకల్లో పెట్టి చూశారు. ఏరకుండా పెడితే దాదాపు 57 వేల కణాల్లో ఒక్కదానికే కొత్త గడ్డ కట్టే శక్తి ఉంది. పైన సీడీ133 ఉన్నవాటిని వేరుచేసి పెడితే 262లో ఒకదానికి. అంత తేడా చూసి ఇక వేరు దొరికేసిందనే అనుకున్నారు. మరుసటి ఏడాదే, కాలేయానికి పాకిన గడ్డల్లో సీడీ133 లేని కణాలు కూడా ఎలుకల్లో గడ్డలు కట్టగలవని ఇంకొకళ్ళు చూపించారు. బాబాయ్ స్లైడ్లలో 2008 లేదు.

బాబాయ్ చెప్పినదానికి కాస్త దగ్గరగా వచ్చేది ఎల్‌జీఆర్5 అనే ఇంకో గుర్తు. పేగు లోపలి పొర నిండా కంటికి కనపడని సన్నటి గుంటలుంటాయి, క్రిప్టులంటారు. అడుగున ఉండే స్టెమ్ సెల్స్ విభజన చెందుతుంటే, పుట్టిన కణాలు పైకి జరుగుతూ నాలుగైదు రోజుల్లో రాలిపోతాయి. ఆ అడుగు కణాలకి ఎల్‌జీఆర్5 గుర్తు అని 2007లో హాలండ్‌లోని ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లెవర్స్ ల్యాబ్ వాళ్ళు కనిపెట్టారు. పైన ఉన్న కణంలో జన్యువు చెడినా పెద్దగా భయం లేదు, అది ఎలాగూ రాలిపోయేదే. అడుగున తిష్ట వేసిన కణంలో, పెరుగుదలకి కళ్ళెం వేసే ఏపీసీ జన్యువు పోతేనే ముప్పు. 2009లో వాళ్ళే ఎలుకల్లో చేసి చూపించారు: ఎల్‌జీఆర్5 కణాల్లో ఏపీసీని తీసేస్తే కొన్ని వారాల్లో గడ్డలు లేచాయి, కాస్త పైనున్న కణాల్లో తీసేస్తే ఆ పెరుగుదల మధ్యలోనే ఆగిపోయింది.

ఇక్కడిదాకా వేరు కథ బాగానే నడుస్తుంది. చెడింది 2017లో. అమెరికాలో జెనెన్‌టెక్ అనే మందుల కంపెనీ వాళ్ళు ఎలుకల పేగు గడ్డల్లో ఎల్‌జీఆర్5 ఉన్న కణాలు మాత్రమే చచ్చేలా ఏర్పాటు చేశారు. అవి చచ్చాయి, గడ్డ మాత్రం తగ్గలేదు. చంపడం ఆపగానే మిగతా కణాల్లోంచే మళ్ళీ ఎల్‌జీఆర్5 కణాలు పుట్టుకొచ్చి పెరుగుదల మొదలైంది. అదే ఏడాది జపాన్‌లో తోషిరో సాతో జట్టు మనుషుల గడ్డల కణాల్ని ఎలుకల్లో పెట్టి ఇలాంటిదే చేసింది. గడ్డ కొంత కుంచించుకుని మళ్ళీ లేచింది. ముదిరిపోయి, ఇక విభజన చెందవు అనుకున్న కణాలే వెనక్కి తిరిగి స్టెమ్ సెల్స్ అయ్యాయి.

ఇదంతా నాన్నకి ఎలా చెప్పాలో తెలియక, "నాన్నా, ఇది గరికా తుంగా కాదు, రణపాల. వేరు పీకేసినా కింద పడ్డ ఆకు వేళ్ళు దించుతుంది" అన్నాను. నాన్న కాసేపు ఊరుకుని బాబాయ్ వైపు తిరిగాడు. "మరి ఆకు సంగతి ఏంటోయ్?"

"దానికి వేరే క్యాప్సూల్ ఉందన్నయ్యగారూ, రెండూ కలిపి తీసుకుంటే డిస్కౌంట్!"

అమ్మకి నవ్వాగక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య మాత్రం మాకు చెప్పకుండా ఒక నెల సరుకు కొన్నాడు. ఆ డబ్బాలు బీరువా పైన ఉన్నాయి, పారేస్తే ఊరుకోడు.

తర్వాత ఫాలో-అప్‌లో నాన్నకి సీఈఏ (ఈ క్యాన్సర్ తిరగబెడితే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) పెరిగింది, స్కాన్‌లో కాలేయం మీద మచ్చ కనపడింది. పేగు రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి ఈ క్యాన్సర్ ఎక్కువగా పాకేది అక్కడికే. ఒకటే మచ్చ కావడంతో ఆపరేషన్ చేసి తీసేశారు, నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. అప్పుడు మా బంధువులు ఎన్ని మాటలన్నారో! టీలో పంచదార మానలేదట, అందుకే తిరగబెట్టిందట. మేం క్యాప్సూల్స్ సరిగ్గా వాడలేదని పిన్ని వాళ్ళింట్లో ఇప్పటికీ అనుకుంటారు.

అసలు ఇలా వేరేచోటికి పాకేది ఎలాగంటే, గడ్డలోంచి బయటపడి రక్తంలో కలిసే కణాల్లో ఎక్కువ భాగానికి ఎల్‌జీఆర్5 ఉండదని, కొత్తచోట కుదురుకున్నాక మళ్ళీ తెచ్చుకుంటాయని 2020లో ఎలుకల్లో చూశారు. 2021లో అదే కేథరిన్ ఓబ్రయన్ ల్యాబ్ ఇంకో మెలిక పెట్టింది. కీమో తగలగానే క్యాన్సర్ కణాలు పెరుగుదల ఆపి నిద్రలోకి జారుకుంటాయి, మందు ఆగాక లేస్తాయి. ఆ నిద్రలోకి వెళ్ళే శక్తి ఏదో కొద్ది కణాలకి కాదు, గడ్డలోని కణాలన్నిటికీ ఉన్నట్టే కనపడింది. అంటే 2007లో ఎవరైతే వేరు చూపించారో, 2021లో ఆకులు చూపించింది కూడా వాళ్ళే. నన్నడిగితే వేరు వేట ఇంక కట్టిపెట్టి, ఆ వెనక్కి తిరిగే దారిని ఎలా మూయాలో చూడాలి. బార్సిలోనాలో ఎడ్వర్డ్ బాత్యే జట్టు 2022లో ఎలుకల్లో దాదాపు ఆ దారినే పట్టింది: తిరగబెట్టే గుణమున్న కణాల్ని ఈఎంపీ1 అనే గుర్తుతో పట్టుకుని, పేగు గడ్డకి ఆపరేషన్ చేసేముందే తీసేస్తే కాలేయంలో మళ్ళీ రాలేదు. మనుషుల దాకా రావడానికి టైం పడుతుంది.

మీ అమ్మగారి విషయానికొస్తే, సీఈఏ పరీక్ష మూడు నుంచి ఆరు నెలలకోసారి, స్కాన్లు డాక్టర్ చెప్పినప్పుడల్లా తప్పకుండా చేయించండి. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్ళలోనే బయటపడతాయి, తొందరగా దొరికితే మా నాన్నకి చేసినట్టు తీసెయ్యడానికి వీలుంటుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కకి ఇచ్చిన బయాప్సీ రిపోర్టులో లింఫ్ నోడ్స్ (లింఫ్ గ్రంథులు) ఎన్ని చూశారో చదవండి, కనీసం 12 ఉండాలంటారు. ఎంఎంఆర్ పరీక్ష, అంటే కణంలో డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూసేది, చేశారో లేదో కూడా అడగండి. అందులో లోపం ఉన్నవాళ్ళకి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పే మందు) బాగా పనిచేస్తుంది, పైగా కొందరిలో అది వంశపారంపర్యంగా వచ్చేది కావచ్చు.

ఇంకోటి, మీరూ మీ తోబుట్టువులూ 40 ఏళ్ళకి, లేదా అమ్మగారికి బయటపడిన వయసుకి పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు కాలనోస్కోపీ చేయించుకోవాలి. నేను చేయించుకున్నాను. చిన్న పాలిప్ (పేగు లోపలి పొర మీద లేచే బుడిపె) ఉంటే అక్కడే తీసేశారు. ముందురోజు తాగించే ఆ ఉప్పటి మందు తప్ప కష్టమేమీ లేదు. నాన్నకి 18 వేలు పోసి క్యాప్సూల్స్ కొన్న మా అన్నయ్యకి నలభై మూడు నిండాయి. కాలనోస్కోపీ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తున్నాడు.